మామ వేళ్ళ పక్కన మైనం దిమ్మ

మా మేనమామ కుడిచేతి రెండు వేళ్ళు ఆయనకంటె ఎన్నో ఏళ్ళ ముందే సమాధిలోకి చేరాయి.

ఆయన ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. ఒకరోజు యంత్రం చెయ్యి లాక్కుంది. చెయ్యి దక్కింది, రెండు వేళ్ళు దక్కలేదు. మా మిషన్ కాంపౌండు పెద్దలు ఆ వేళ్ళను తెల్లగుడ్డలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, అయ్యగారిని పిలిపించి, పాట పాడి, ప్రార్థన చేసి మరీ పాతిపెట్టారు. మా దగ్గర అయ్యగారంటే పాస్టరు, గుడి అంటే చర్చి. ఆ తర్వాత మామ ప్రతి ఆదివారం గుడి కాగానే సమాధుల వైపు ఒకసారి వెళ్ళి చూసొచ్చేవాడు. "నా వేళ్ళు నాకు జాగ ఆపి పెట్టినయిరా" అని మిగిలిన వేళ్ళతో బీడీ పట్టుకుని నవ్వేవాడు. పోయినప్పుడు ఆయన్ని ఆ వేళ్ళ పక్కనే పెట్టారు.

ఎందుకంటే కడవరి దినాన చనిపోయినవాళ్ళంతా లేస్తారు. లేచేటప్పుడు ఒంట్లో ఒక్క ముక్క తక్కువైనా కుదరదు. ఇలాగని ఏ గ్రంథంలోనూ లేదు. మిషన్ పెట్టిన తెల్లదొరలు నేర్పిందీ కాదు. మా తాతలు తమంతట తాము అనుకున్నారు, మా అవ్వలు దాన్ని చట్టం చేశారు.

నాకు బుద్ధి తెలుస్తున్న వయసులో యువజన కూటంలో లేచి అడిగాను: "మరి మామ గోర్లు, మంగలి కాడ తీయించుకున్న ఎంటికలు ఏడ పాతిపెట్టిండ్రు అయ్యగారూ?" అందరూ నవ్వారు. మా అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం నవ్వలేదు, తొడపాశం పెట్టింది. ఆ తర్వాత నేను ఎక్కిన వేదికలూ, చేసిన వాదాలూ, రాసిన వ్యాసాలూ అన్నీ ఆ తొడపాశానికి జవాబులే. మా హేతువాద సంఘంలో నన్ను నిప్పుకణిక అంటారు. మా అవ్వ "నోటిదూల" అంటుంది. రెండింటికీ అర్థం ఒకటే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన ఎండాకాలం ఆ పాత అలవాటు మా చెల్లె గర్భసంచి మీదికి తెచ్చింది.

చెల్లె మా అవ్వకు కడగొట్టు బిడ్డ. నాకూ దానికీ పదిహేనేళ్ళ తేడా. నిర్మల్ దాటాక ఒక పల్లెలో ఉంటుంది. మగడు మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. ఒక ఆడపిల్ల. ఆ తర్వాత ఒక కడుపు అయిదో నెలలో పోయింది. ఈసారి మా మరిది పూర్తిగా వచ్చేస్తున్నాడు. వచ్చాక ఇంకొక బిడ్డను కనాలని ఇద్దరి కోరిక. ఆ సంగతి అది నాకు ఎన్నిసార్లు చెప్పిందో. "ఇంకొక్కలుండాలె అక్కా. పిల్ల ఒక్కతే గోడలతోని మాట్లాడుతున్నది."

మండల దవాఖానలో క్యాంపు పెట్టినప్పుడు దాని గర్భసంచి మూతికి సిరకా, అదే వెనిగర్, లాంటి ద్రావణం పూసి చూశారు. ఒకచోట తెల్లబడింది. కరీంనగర్ పొమ్మన్నారు. నేనుండేది కరీంనగర్‌లోనే, కాలేజీలో చరిత్ర చెబుతాను. ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్ళాను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వచ్చిన జవాబు: "రెండో మెట్టు."

గర్భసంచి మూతి దగ్గర కణాలు చెడటం ఒక్క రోజులో జరిగే పని కాదు, ఏళ్ళు పడుతుంది. మొదటి మెట్టు చాలామందిలో దానంతట అదే దిగిపోతుంది. మూడో మెట్టును వదిలేస్తే క్యాన్సర్ గుమ్మం దాకా వెళ్తుంది. రెండో మెట్టే అసలు తలనొప్పి. దిగుతుందో ఎక్కుతుందో పైకి చూసి చెప్పలేం.

డాక్టరమ్మకు ఆ తలనొప్పి ఏమీ లేదు. కాగితం చూసి, గడియారం చూసి, చెల్లె మొహం మాత్రం చూడకుండా చెప్పింది: "పాప ఉంది కదా? గర్భసంచి తీసేస్తే గొడవ వదిలిపోతుంది. మంగళవారం ఖాళీ ఉంది."

"ఇది క్యాన్సరా?" అని అడిగాను.

"కాదు. కాకుండా ఉండటానికే తీసేది."

"ఇల్లు కురిస్తే పెంకు మారుస్తారు గానీ ఇల్లు కూలగొడతారా?"

"మీరు డాక్టరా?"

"కాదు. చదవడం వచ్చు."

బల్ల కింద చెల్లె నాకు తొడపాశం పెట్టింది. మా ఇంటి ఆడవాళ్ళకు అది వారసత్వం.

ఇక్కడ నా కోపం కొంచెం చెప్పుకోనివ్వండి. మా జిల్లాల్లో గర్భసంచి తీయించుకోవడం పన్ను పీకించుకోవడం కంటె తేలికైపోయింది. తెల్లబట్ట అయినా, నడుంనొప్పి అయినా, నెలసరిలో ఎక్కువ పోయినా తీసేయడమే. నాట్లు వేసే ఆడవాళ్ళు మడి గట్టున కూర్చుని "నీది ఎప్పుడు తీసిండ్రే?" అని ఒకరినొకరు అడుగుతుంటే విన్నాను, "నీ బిడ్డ పెండ్లి ఎప్పుడే?" అన్నంత మామూలుగా. తీశాక ఎముకలు గుల్లబారి, ఒంట్లో మంటలు పుట్టి, ముసలితనం ముందే వచ్చి మీద పడితే దానికి వేరే మందులు, వేరే డాక్టరు. మూఢనమ్మకం అంటే నిమ్మకాయలు, ముగ్గులే కాదు. మెడలో స్టెతస్కోపు వేసుకుని కూడా అది తిరుగుతుంది.

ఆ ముక్కను సూక్ష్మదర్శినిలో చూసిన డాక్టరు అదే భవనంలో పై అంతస్తులో ఉంటాడని తెలిసి వెళ్ళాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "మామూలు రంగు వేసి చూస్తే నేను రెండో మెట్టంటాను, ఇంకొకరు మొదటిదంటారు. ఇద్దరమూ ప్రమాణం చేసి చెప్పలేం. పీ-సిక్స్‌టీన్ అనే ప్రోటీన్ ఉంటుంది, దాని కోసం వేరే రంగు పరీక్ష ఉంది. అది మా దగ్గర లేదు. ముక్క ఉన్న దిమ్మ ఇస్తాను, హైదరాబాద్ తీసుకెళ్ళండి. ఆ జవాబు రాకుండా మాత్రం సంచి తీయించకండి." ఇంకో మాట కూడా అన్నాడు: "ఉన్న ముక్క ఇదొక్కటే. ఎండలో మైనం మెత్తబడుతుంది, జాగ్రత్త."

దిమ్మ అగ్గిపెట్టె కంటె చిన్నది. ప్లాస్టిక్ జల్లెడ లాంటి చట్రం, దాని మీద తెల్ల మైనం, మైనంలో గోరంత మరక. ఆ మరకే మా చెల్లె.

బస్టాండులో నిర్మల్ బస్సు కోసం కూర్చున్నప్పుడు చెల్లె అడిగింది. "పీ-సిక్స్‌టీన్ అంటె ఏందక్కా? పురుగా?"

"పురుగు కాదు. బ్రేకు. మన ఒంట్ల ప్రతి కణానికి బ్రేకు ఉంటది. మీది మీదికి పెరగకుండ ఆపుతది."

"మంచిదే గదా మరి."

"మంచిదే. నిర్మల్ దాటినంక ఘాటు రోడ్డు మీద బస్సు దిగుతున్నదనుకో. డ్రైవరు బ్రేకు తొక్కుతడు. బస్సు ఆగితె కాలు తీస్తడు. గా బ్రేకు పైపు ఎవడో కోసిండనుకో. ఏం చేస్తడు?"

"ఇంకింత తొక్కుతడు."

"తొక్కుతనే ఉంటడు. పైపు కోసేది వైరస్. పాపం కణం తొక్కుడు మీద తొక్కుడు. గా తొక్కుడే పీ-సిక్స్‌టీన్. ఎక్కువ కనపడ్డదంటె బ్రేకు పనిచేస్తలేదన్నట్టు. కనపడలేదంటె పైపు మంచిగనే ఉన్నది, ఊకె భయపడ్డమన్నట్టు."

"అయితె డ్రైవరు మంచోడే."

"మంచోడే."

"బస్సే మంచిది గాదు."

నా జీవితంలో ఇంత తొందరగా విషయం అందుకున్న విద్యార్థి లేదు. తర్వాత చాలామందికి ఇదే చెప్పాను. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా "బ్రేకు ఎక్కువుంటే మంచిదే కదా మేడమ్" అనేవాళ్ళు.

మర్నాడు నాకు ఒక మహిళా కాలేజీలో ఉపన్యాసం ఉంది. శాస్త్రీయ దృక్పథం మీద. ముందే ఒప్పుకున్నాను, తప్పించుకోలేను. అందుకని దిమ్మను చెల్లె చేతికే ఇచ్చి అవ్వ దగ్గరికి పంపాను. అవ్వ ఉండేది గోదావరికి అవతల మా పాత మిషన్ కాంపౌండులో. నేను ఎల్లుండి వస్తాను, అక్కడినుంచి ఇద్దరం హైదరాబాద్ పోదాం అన్నాను. అవ్వకు ఫోన్ చేసి చెప్పాను.

"అవ్వా, చెల్లె ఒక డబ్బా తెస్తున్నది. అందుల దాని మాంసమే ఉన్నది. జర పైలం. పోగొట్టద్దు. ఎండ తగలనియ్యద్దు. సల్లటి జాగల పెట్టు."

"నేను పోగొడ్తనా? నీ బొడ్డుతాడు సుత నేను పోగొట్టలే."

ఆ మాట దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది. బస్సు హారన్ కొట్టింది, ఆలోచించలేదు.

నేను అవ్వ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. అవ్వ పీట వేసి కంచం పెట్టింది.

"డబ్బా ఏదే అవ్వా?"

"ఉన్నది. ముందుగాల బువ్వ తిను."

"ఏడున్నది?"

"ఉండాల్సిన కాడ ఉన్నది. చేపల పులుసు సల్లారుతున్నది తిను."

చెల్లె తలుపు దగ్గర నిలబడి చీర కొంగు నలుపుకుంటోంది. "అక్కా, జర కూసో. పరేషాన్ గాకు. అవ్వ దాన్ని మామ కాడ పెట్టింది."

"మామ సచ్చిపోయి ఏండ్లాయె గదనే!"

"గదే. మామ కాడ."

కంచం పక్కకు నెట్టాను. నేను కరీంనగర్‌లో ఆడపిల్లలకు శాస్త్రీయ దృక్పథం నేర్పుతున్న ఆ పొద్దునే మా అవ్వ నా చెల్లె గర్భసంచి మూతిని రుమాల్లో చుట్టి, మా బాపు, అంటే మా నాన్న, తంబాకు డబ్బాలో పెట్టి, మా మామ వేళ్ళ పక్కన గుంట తవ్వించి పాతిపెట్టింది. అయ్యగారు వచ్చి ప్రార్థన కూడా చేశాడు. చెల్లె అప్పుడు నిద్రలో ఉంది.

"నీకు మతి ఉన్నదా అవ్వా?"

"నువ్వే చెప్పినవ్ గదా. పోగొట్టద్దన్నవ్, పోదు. ఎండ వద్దన్నవ్, తగలదు. సల్లగుండాలన్నవ్, మన్ను కంటె సల్లగ ఏడుంటది? ఫ్రిజ్జు పెడ్దమంటె కరెంటే ఉంటలేదు."

నేను చెప్పిన మూడు షరతులూ మా అవ్వ అక్షరం పొల్లు పోకుండా పాటించింది. ఇంతకంటె విసుగెత్తించే విషయం ఏముంటుంది?

"పరీక్షకు తీస్కపోవాలని చెప్పిన గదా!"

"పరీక్ష చేసేదంత చేసిండ్రు గదా కరీంనగర్ల. ఇంగ దాన్ని పట్నం తిప్పుడేంది? ఇంత ఈడ, ఇంత ఆడ. రేపు లేచే దినం నా బిడ్డ తన ముక్క కోసం హైదరాబాదుల ఏ సందుల దేవులాడాలె?"

"అవ్వా, నేను నిరుడు పన్ను పీకించుకున్న. గదేడున్నది? దాని ఫికర్ లేదా నీకు?"

"నువ్వెట్లాగు లేస్తనంటలేవు. నీ పన్నుతోని ఏం పని?"

ముప్పై ఏళ్ళు వాదాలు చేశాను. పీఠాధిపతులతో చేశాను, జ్యోతిష్కులతో చేశాను. ఒక్క వాక్యంతో ఇంత నోరు మూయించినవాళ్ళు లేరు. అయినా నేను ఊరుకోలేదు. పాతిపెట్టిన మనిషిని మట్టి ఏం చేస్తుందో, వేరు ఎలా పీలుస్తుందో, మామ వేళ్ళు ఇప్పటికి ఏ గడ్డిలో ఉన్నాయో, ఆ గడ్డి ఏ మేక తిందో, ఆ మేక కూర క్రిస్మస్‌కి ఎవరు తిన్నారో వరసగా చెప్పుకొచ్చాను. తిరుగులేని వాదం. అవ్వ వింటూ మెంతికూర తుంచుకుంటోంది.

"అయిపోయిందా? పులుసు సల్లారింది."

చెల్లె తలుపు దగ్గరినుంచి కదిలింది. వచ్చి అవ్వ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అవ్వా, గా ముక్క చూడకపోతె నా సంచి మొత్తం తీస్తరట. మంగళవారమే రమ్మన్నది డాక్టరమ్మ."

అవ్వ చేతులు ఆగాయి.

"మొత్తమా?"

"మొత్తం. తీసి ఏడ పడేస్తరో సుత చెప్పరు. గోరంత ముక్కను దాసుకుంటివి. గంత సంచి పోతె నేను ఎట్ల లేవాలె? పోయిన పిల్లగాడున్న సంచి అది. ఇంకొకలకు జాగ ఉన్న సంచి."

అవ్వ మెంతికూర పక్కకు పెట్టింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గడ్డపార ఏడుందో చూడు" అంది.

నా గడ్డీ మేకా వాదమంతా వృథా. చెల్లె అవ్వ నమ్మకంలోనే నిలబడి అవ్వను గెలిచింది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పి గెలవలేకపోయాం కదా అని. చెల్లెకు అలా మండిపడే తీరిక లేదు.

గడ్డపార దొరికింది గానీ అవ్వ ఇంకో మెలిక పెట్టింది. ప్రార్థన చేసి పెట్టినదాన్ని ప్రార్థన లేకుండా తీయకూడదు. అయ్యగారు రావాలి. ఆయన్ని పిలవాల్సింది నేను. ఎందుకంటే చెల్లె ఎండలో పోవద్దు, అవ్వకు మోకాళ్ళు నొప్పి.

ఆ అయ్యగారితో నాకు పాత లెక్కలున్నాయి. నాకంటె చిన్నవాడు. పునరుత్థానం మీద నేను ఒక వ్యాసం రాస్తే ఆదివారం ప్రసంగంలో నా పేరు ఎత్తకుండా నన్ను ఉతికి ఆరేసినవాడు. ఇంటి ముందు మంచంలో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"రా అక్కా. దారి తప్పినవా?"

విషయం చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"ప్రార్థనతోని ఏం గాదని నువ్వే రాసినవ్ గదక్కా. ఏం గానిదానికి నన్నెందుకు పిలుస్తున్నవ్? తవ్వుకోరాదు."

"మా అవ్వ ఒప్పుకుంటలేదు."

"అయితె మీ అవ్వ కోసం రమ్మంటున్నవా, నీ కోసమా?"

"చెల్లె కోసం. నడువుండ్రి అయ్యగారూ, ఎండకు మాడుతున్న."

వచ్చాడు. కానీ పగ తీర్చుకున్నాడు. సమాధి పక్కన నేను గడ్డపార పట్టుకుని నిలబడితే, ఆయన కళ్ళు మూసుకుని ఎంతసేపు ప్రార్థన చేశాడో! చెల్లెను తలచుకున్నాడు, మరిదిని తలచుకున్నాడు, మస్కట్‌లో ఉన్న విశ్వాసులందరినీ తలచుకున్నాడు, వాన లేని పత్తి చేలను తలచుకున్నాడు. చివరికి, "ప్రభువా, ఎక్కువ చదివి బరువెక్కిన మా అక్క తలను కూడ జర తేలిక చెయ్యి" అన్నాడు. అవ్వ గట్టిగా ఆమెన్ అంది. చెల్లె కూడా అంది. నవ్వు ఆపుకోలేక దాని భుజాలు ఊగుతున్నాయి.

నేను తవ్వాను. మెత్తటి మట్టి, త్వరగానే వచ్చింది. తంబాకు డబ్బా చల్లగా ఉంది. మూత బిగించి దాని చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోసింది అవ్వ, తడి తగలకుండా. రుమాలు విప్పితే లోపల దిమ్మ నేను కరీంనగర్‌లో చూసినట్టే ఉంది.

ఇంకో మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఈ ప్రార్థన సంగతి ఎలాగో మా హేతువాద సంఘంలో తెలిసింది. ఒకాయన నన్ను సంజాయిషీ అడిగాడు: హేతువాది సమాధి దగ్గర ప్రార్థనకు నిలబడటం ఏమిటని. "ప్రార్థన చేసింది ఆయన, తవ్వింది నేను" అన్నాను. ఆయనకు చాలలేదు. ఆయన భార్యకు గర్భసంచి ఎప్పుడో తీసేశారు, ఏ రోగానికో ఆయనకు గుర్తు లేదు. అడిగితే "ఏదో ఆడవాళ్ళ సమస్య" అన్నాడు. సంజాయిషీ ఎవరు ఎవరికి ఇవ్వాలో మరి!

హైదరాబాద్ ల్యాబులో కౌంటరు దగ్గరి అమ్మాయి దిమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగా వచ్చింది మేడమ్. ఈ ఎండలకి జిల్లాల నుంచి వచ్చేవి మెత్తబడి వస్తున్నాయి. దేంట్లో తెచ్చారు?" తంబాకు డబ్బా చూపించాను. ఇంతకుముందు అది ఎక్కడుందో చెప్పలేదు.

బయటికి రాగానే చెల్లె ఆ మాట అవ్వకు ఫోన్‌లో చెప్పేసింది. నాకివ్వమంది అవ్వ.

"ఇన్నవా? నా దగ్గర పెట్టిందే మంచిగున్నదట."

"మన్ను కింద సల్లగుంటది అవ్వా. కుండల నీళ్ళు సల్లగుంటయి, గట్లనే. దాంట్ల మహిమ ఏం లేదు."

"గా మన్ను ఎవలు చేసిండ్రు?"

ఫోన్ పెట్టేశాను.

జవాబు వచ్చింది. పాజిటివ్. కింది వరస కణాల నుంచి పైకి గోధుమరంగు ఎక్కడా తెగకుండా పట్టింది. పక్కనే ఇంకో రంగు పరీక్ష, కణాలు ఎంత జోరుగా రెండవుతున్నాయో చూపించేది, అదీ పైదాకా ఎక్కింది. అంటే పైపు కోసేసి ఉంది. దానంతట అదే దిగిపోతుందని కూర్చోవడానికి లేదు.

చెల్లె ఏడవలేదు. "అయితె ఊకె భయపడలే మనం" అంది.

అక్కడి డాక్టరు మాట స్పష్టంగా ఉంది: కరెంటు తీగతో మూతి దగ్గర చెడిన భాగం వరకు గీరి తీసేయాలి. సంచి జోలికి పోనక్కర్లేదు. తర్వాత పిల్లలను కనొచ్చు, కాకపోతే కడుపుతో ఉన్నప్పుడు జాగ్రత్త, పరీక్షలు మానకూడదు.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. మా మరిది మస్కట్ నుంచి చేశాడు. మంచివాడే. మంచివాళ్ళతోనే నాకు ఎక్కువ విసుగు.

"వదినా, పాజిటివ్ అంటె మంచిదే గదా?"

"కాదయ్యా."

"ప్రోటీన్ ఎక్కువైందట గద. గుడ్లు బంద్ చెయ్యుమని చెప్పిన. పప్పు సుత వద్దన్న."

నేను అప్పుడే దానికి రెండు కోడిగుడ్లు ఉడకబెట్టి పెట్టి ఉన్నాను. మళ్ళీ ఘాటు రోడ్డు, మళ్ళీ బస్సు, మళ్ళీ డ్రైవరు. క్రేన్ నడిపే మనిషి కాబట్టి బ్రేకు సంగతి అర్థమైంది. అర్థమయ్యాక గొంతు తగ్గించాడు.

"గా వైరస్ మగోళ్ళ నుంచి వస్తదట గదా. ఈడ మా రూముల ఒకడన్నడు. నా నుంచి వచ్చిందా వదినా? లేకుంటె..."

ఆ "లేకుంటె" తర్వాత ఏముందో నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపే చెల్లె ఫోన్ లాక్కుంది.

"లేకుంటె ఏంది? చెప్పు. మస్కట్ల కూసోని నువ్వు నన్ను అడుగుతున్నవా? ఎవల నుంచి వచ్చిందో దానికి పేరు రాసి ఉండదు. లోకంల సగం మందికి వస్తదట, పోతదట. నాకు పోలే. గంతే. నువ్వు వచ్చేటాలకు నేను మంచిగ కావాన్నా వద్దా?"

తర్వాత మరిది గొంతు చిన్నగా వినిపించింది. "గుడ్లు తిను మరి."

కాయితాలు పట్టుకుని కరీంనగర్ డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్ళాం. ఊరికి దగ్గర కదా, చిన్న పనే కదా, అక్కడే చేయిస్తే చెల్లెకు ప్రయాణం తప్పుతుందని. ఆవిడ జవాబు చూసి కళ్ళజోడు సర్దుకుంది. "చూశారా? నేను ముందే చెప్పాను. తీసేస్తే అయిపోయేది."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఏది తీయాలో చెప్పిన పరీక్షను మొత్తం తీయడానికి సాక్ష్యం చేసుకుంది! నేను దీర్ఘంగా ఊపిరి పీల్చాను. ఉపన్యాసానికి ముందు నేను అలాగే పీలుస్తాను. చెల్లె నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఈసారి గిచ్చలేదు, నొక్కింది అంతే.

"అమ్మా, నాకు ఒక్కటే చెప్పుండ్రి. ముక్క తీస్తరా, సంచి తీస్తరా?"

"ముక్క తీసే పరికరం మా దగ్గర లేదమ్మా."

"గదైతె గట్ల చెప్పాలె గదా. మీ తాన లేదని నా సంచి తీస్తరా?"

డాక్టరమ్మ మొట్టమొదటిసారి దాని మొహం చూసింది. మేం లేచి వచ్చేశాం.

హైదరాబాద్‌లోనే చేయించాం. పొద్దున వెళ్ళి సాయంత్రానికి బయటికి వచ్చింది. తీసిన ముక్కను మళ్ళీ చూశారు. అంచులు శుభ్రంగా ఉన్నాయన్నారు. అంటే చెడిందంతా తీసినదాంట్లోనే ఉంది, ఒంట్లో మిగల్లేదు.

అయిపోయిందనుకుంటున్నారా? మా అవ్వను మీరెరగరు. ఫోన్ చేసింది.

"ముక్కేది?"

"ల్యాబుల ఉన్నది అవ్వా. వాళ్ళు దాసిపెడ్తరు. రేపు మళ్ళ ఏమన్న అయితె పోల్చి చూడాలె."

"ఎన్ని రోజులు దాస్తరు?"

"కొన్నేండ్లు దాస్తరు."

"గంతేనా?" అంది అవ్వ. నిజంగానే జాలిపడింది. "నేను లేచే దినం దాక దాస్త."

ఈసారి వాదన నేను మొదలుపెట్టాను. దిమ్మ ల్యాబులో ఉండటమే సరైనది, శాస్త్రం అదే చెబుతుంది, కావలిస్తే దాని బదులు నన్ను పాతిపెట్టుకో అన్నాను. తిరుగు ప్రయాణపు బస్సులో చెల్లె కిటికీ పక్కన కూర్చుని వింటోంది. గోదావరి వంతెన వచ్చింది, ఎండాకాలం కదా, నీటికంటె ఇసుకే ఎక్కువుంది. ఒడిలో అవ్వ ఇచ్చి పంపిన తంబాకు డబ్బా, ఖాళీది, తిరిగి ఇవ్వాలని జాగ్రత్తగా పట్టుకుంది. నేను గడ్డీ మేకా దగ్గరికి వచ్చేసరికి అది అడ్డు తగిలింది.

"అక్కా, జర బంద్ చెయ్యవే. ఇద్దరిది ఒక్కటే లొల్లి. ముక్క ఏడుంటేంది? సంచి నా దగ్గర్నే ఉన్నది గదా."

ఫోన్‌లో అవ్వ అది వినలేదు. "ఏమంటున్నదే?" అని అరుస్తోంది.

"గుడ్డు తింటదట" అన్నాను.